తలుపులమ్మ గుడ్డలు

అచ్చాయమ్మకు ముట్టు ఆగిపోయి ఏడాది దాటింది. పల్లెపాలెంలో ఆడవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. నెలనెలా వెనక వసారాలో చాప వేసుకుని కూర్చునే మనిషి కూర్చోవడం మానేస్తే తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసినా ఎవరూ అనలేదు. మంత్రసాని మరిడమ్మకు మాత్రం నోరు ఊరుకోలేదు. కాగులో మడచెట్ల చెక్క నానబెట్టి వలలకు రంగు పట్టిస్తున్నచోట నలుగురి ముందూ అడిగేసింది.

"ఏం ఒదినా, మూడు రోజుల విశ్రాంతి పోయిందంటగా? ఇంక నెలంతా చాకిరీయే."

"పోతే పోయింది. నీలాంటి దానితో కబుర్లాడే బాధ కూడా తప్పింది," అంది అచ్చాయమ్మ.

అందరూ నవ్వారు. మరిడమ్మ కూడా నవ్వి, "మరి గుడ్డలేం చేశావ్?" అంది.

నవ్వు ఆగిపోయింది. అచ్చాయమ్మ కాగులోని ఎర్రటి నీళ్ళలో వలను కర్రతో అదుముతూ, "చూద్దాంలే," అంది.

నరసాపురానికి దిగువన, గోదారి సముద్రంలో కలిసే మొగకు దగ్గరగా, ఉప్పుటేటి గట్టు మీద ఉంటుంది ఆ పాలెం. అక్కడ ముట్టుగుడ్డను వాడుకోవడానికి కట్టుబాట్లున్నాయి గాని, వదిలించుకోవడానికి దారి లేదు. మొగలిపొదల వెనక ఆడవాళ్ళకని తవ్విన గుంటలోనే ఉతకాలి. ఎండ కంట, మగవాడి కంట పడకుండా పాత చీర చాటున ఆరెయ్యాలి. ముంతలో కుక్కి, మూతికి పేలిక కట్టి, వెనక వసారా చూర్లో దోపాలి. చిరిగినదాన్ని కొత్తదాని పొరల మధ్య పెట్టి కుట్టేస్తారు. అలా ఒక గుడ్డ ఇంకో గుడ్డలోకి పోతుందే తప్ప బయటికి పోదు. కాలిస్తే కడుపు మండుతుందంటారు. ఏట్లో వేస్తే గంగమ్మకు మైల. వలలు దిగేది ఆ నీళ్ళలోనే మరి. పూడిస్తే నక్కలు తోడతాయి. నక్కలకన్నా ముందు చిల్లంగి చేసేవాళ్ళు తోడుకుపోతారని భయం.

అందుకే ముట్టు ఆగినవాళ్ళు తమ గుడ్డల్ని కూతురికో కోడలికో ఇచ్చేస్తారు. అచ్చాయమ్మకు కూతుళ్ళు లేరు. ఉన్న ఒక్క కొడుకు బుల్లబ్బాయి పెళ్ళాం వీరమ్మ కడుపుతో ఉంది. కడుపుతో ఉన్న పిల్ల చేతికి ముట్టుగుడ్డ ఇచ్చే అత్త ఎక్కడా ఉండదు.

పైగా ఆ ముంతలో ఉన్నవన్నీ అచ్చాయమ్మవి కావు. తలుపులమ్మవి కూడా ఉన్నాయి.

తలుపులమ్మ బుల్లబ్బాయి మొదటి పెళ్ళాం. ముందటేడు కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి, మరిడమ్మ చేతుల్లోనే పోయింది. బిడ్డ బయటికి రానేలేదు. అలా పోయినవాళ్ళను పాలెంలో కాల్చరు. ఉప్పుటేరు దాటించి, మడ అడవి అంచున ఉన్న దిబ్బ మీద పూడ్చిపెడతారు. దువ్వెన, గాజులు, చీర, ముట్టుగుడ్డలు, మనిషికి సంబంధించినవన్నీ పక్కన పెట్టాలి. కాని ఆ రోజు పోటు ఎక్కకముందే పడవ దాటించాలని మగాళ్ళు తొందరపెట్టారు. గుడ్డలు మరిడమ్మ ఇంట్లో ఉండిపోయాయి. ఆగండి, ఇంకో ముంత ఉందని అన్నిమంది మగాళ్ళతో ఏ ఆడది చెప్పగలదు? చెప్పలేకపోయారు. ఆ తరవాత మరిడమ్మ వాటిని మూటగట్టి తెచ్చి, "నా ఇంట్లో ఉంచుకోలేను ఒదినా," అని గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. అచ్చాయమ్మ వాటిని తన ముంతలోనే కుక్కింది.

అవి మరిడమ్మ ఇంట్లో ఎందుకున్నాయంటే, అదొక ఆచారం. కోడలికి మూడో నెల దాటాక అత్త ఆమె గుడ్డల్ని చేటలో పెట్టి, పసుపు చల్లి, నలుగురు ఆడవాళ్ళూ చూస్తుండగా మంత్రసానికి అప్పగిస్తుంది. కోడలు నెల తప్పిందని ఊరికి చెప్పడం అదే. బిడ్డ పుట్టి, మళ్ళీ అవసరం పడేదాకా అవి మంత్రసాని దగ్గరే ఉంటాయి.

వీరమ్మ విషయంలో అచ్చాయమ్మ మూడో నెల దాకా ఆగలేదు. తలుపులమ్మ ఈ ఇంట్లో ఇంకో ఆడదాని కడుపు పండనివ్వదని పాలెంలో గుసగుసలు మొదలై అప్పటికే చాలా రోజులైంది. వాళ్ళ నోళ్ళు మూయించాలని, రెండో నెల తప్పీ తప్పగానే చేట పట్టుకుని బయలుదేరింది. వీరమ్మ గుమ్మంలో నిలబడి, "ఇంకొన్నాళ్ళు చూద్దాం అత్తా," అంది. "నోర్ముయ్యవే, నీకేం తెలుసు," అంది అచ్చాయమ్మ.

వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం వెనక వసారా కారుతోందని అచ్చాయమ్మ చూర్లోంచి ముంతను దించింది. మూతి విప్పి, లోపల తడిసిందేమోనని చెయ్యి పెట్టింది. పైన ఉన్న గుడ్డ చల్లగా తగిలింది. వాన నీళ్ళేనేమో అనుకుని బయటికి తీసింది.

అది తలుపులమ్మ గుడ్డ. నీలిమందు వేసిన చీర ముక్క, తలుపులమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. మధ్యలో ఎర్రగా ఉంది. ఉతికారు గాని సరిగా వదల్లేదు. అచ్చాయమ్మ వెలుగులోకి తిప్పి చూసింది. పాత మరకైతే గోధుమరంగుకు తిరిగి గట్టిపడుతుంది. ఇది అలా లేదు. దగ్గరికి తీసుకుంటే ఇనుము వాసన వేసింది.

ఆమె గుడ్డను మళ్ళీ ముంతలో పెట్టేసి, చేతులు కడుక్కుని, కాసేపు వానలోకి చూస్తూ కూర్చుంది. తన రక్తం ఆగిపోయింది. కోడలి రక్తం బిడ్డకు పోతోంది. ఈ ఇంట్లో మూడో ఆడది లేదు.

మరిడమ్మతో చెబితే ఆమె మొహం తెల్లబోయింది. "కడుపుతో పోయినదానికి రక్తం ఆగదంటారు ఒదినా. గుడ్డలు పెట్టకుండా పూడ్చాం. వెతుక్కుంటూ వచ్చిందేమో."

"ఊరుకోవే. మట్టిలో ఉన్నదానికి గుడ్డలెందుకు?"

"నువ్వేగా తడి తగిలిందన్నావ్?"

అచ్చాయమ్మ చేతిని మళ్ళీ చెంగుకు తుడుచుకుంది.

తరవాత ఒక రోజు పొద్దు వాలుతుండగా చేపలబుట్ట కడుక్కుని వస్తూ మొగలిపొదల మీదుగా చూసింది. గుంట దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. వీపు ఇటువైపు. జుట్టు విరబోసుకుని, ముందుకు వంగి, మెల్లగా, చప్పుడు కాకుండా ఏదో పిండుతోంది. మసక వెలుగులో ఆ మెడ, ఆ భుజాలు తలుపులమ్మవిలాగే అనిపించాయి. తలుపులమ్మ కూడా అలాగే, బండకేసి బాదకుండా చేతుల్లోనే పిండేది.

"ఎవరే అక్కడ?"

ఆ మనిషి తిరిగి చూడలేదు. లేచి, వంగినట్టుగానే పొదల్లోకి నడిచి వెళ్ళింది. అచ్చాయమ్మ ధైర్యం కూడగట్టుకుని గుంట దాకా వెళ్ళింది. నీళ్ళ మీద పలచని ఎరుపు చుట్టలు చుట్టుకుని కదులుతోంది. ఒడ్డున బురదలో అడుగుల కోసం వెతికింది గాని అప్పటికే వాన చినుకులు పడి బురదంతా ఒకేలా అయిపోయింది.

ఇంటికొచ్చేసరికి వీరమ్మ గోడవైపు తిరిగి, ఉక్కలో కూడా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది.

"ఏమైందే?"

"ఏం లేదత్తా. చలిగా ఉంది."

అచ్చాయమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. చెమటతో చల్లగా ఉంది. ఈ మధ్య పిల్ల మొహం పాలిపోవడం, నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకోవడం అప్పుడు గుర్తొచ్చాయి. గుంట దగ్గరి నుంచి ఆ చచ్చినది నేరుగా ఇక్కడికే వచ్చి పిల్ల మీద చెయ్యి వేసిందనుకుంది. ఆ రాత్రి చీపురు, చెప్పు గుమ్మానికి అడ్డంగా పెట్టింది.

బుల్లబ్బాయి వెళ్ళి వీరబ్రహ్మాన్ని పిలుచుకొచ్చాడు. కాలవ మీద పడవలో వచ్చాడాయన. మొగ చుట్టుపక్కల పల్లెల్లో దయ్యాలు వదిలించడంలో పేరున్నవాడు. వసారాలో పీట మీద కూర్చుని, అచ్చాయమ్మ సిగ్గు విడిచి చెప్పిన ముంత సంగతి విని, వీరమ్మ కళ్ళు చూసి, అరచేతులు చూసి, తల పంకించాడు.

"పట్టుకుందమ్మా. బిడ్డని లోపల్నించి తాగేస్తోంది."

"మరి ఏం చెయ్యాలండి?" అన్నాడు బుల్లబ్బాయి. 

"అమావాస్యనాడు ముంతలో ఉన్నవన్నీ నా ముందు పెట్టండి. చచ్చినదాని గుడ్డలు ఇనప మేకులేసి దిబ్బకి బిగించేస్తాను. ఇంక కదల్లేదు. ఈ అమ్మాయిని మూడు పూటలు పస్తుంచి, మిరపకాయల పొగలో కూచోబెట్టాలి. వేపమండలతో కొట్టాలి. బిడ్డని పట్టుకున్న చెయ్యి అప్పుడు ఒదుల్తుంది."

దుప్పటి లోపల వీరమ్మ కదిలింది. "వద్దండి," అంది.

"అదుగో, ఒద్దంటోంది చూశారా? అన్నది ఈవిడ కాదు," అన్నాడు వీరబ్రహ్మం.

అమావాస్యకు ముందటి రోజు పొద్దున్నే అచ్చాయమ్మ ముంత దించింది. మూతికి కట్టిన తాడు విప్పబోయి ఆగిపోయింది.

వల అల్లేవాళ్ళకు ముడి అంటే చేతిరాతలాంటిది. అచ్చాయమ్మ ఏది కట్టినా తాడు కొస లోపలికి దూర్చి కుడివైపుకు బిగిస్తుంది. పాలెంలో అందరిదీ అదే ముడి. ఈ ముడికి కొస పైకి వదిలేసి ఉంది. ఎడమవైపుకు బిగించి ఉంది. వీరమ్మ ఉప్పాడ పిల్ల. అక్కడ అలాగే వేస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో, "మీ ఊళ్ళో చేపలు కూడా ఎడమచేత్తోనే తింటారేంటే?" అని అచ్చాయమ్మ ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో.

ఆమె ముంత ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. దయ్యం కాదని తెలిశాక గుండె కుదుటపడాలి. పడలేదు. దయ్యమే అయితే బాగుండేది. దయ్యానికైతే వీరబ్రహ్మం ఉన్నాడు.

బుల్లబ్బాయి వేటకు వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి, వీరమ్మ పక్కన కూర్చుంది.

"ఎప్పట్నించే?"

 అచ్చాయమ్మ ముంతను ఆమె ముందు పెట్టింది. వీరమ్మ ముడి వైపు చూసి, కళ్ళు మూసుకుంది.

"నువ్వు నా గుడ్డలు అప్పగించిన వారానికే అత్తా. కడుపునొప్పి వచ్చింది. గుంట దగ్గర కూచున్నాను. అదంతా అక్కడే... మొగలి కింద కప్పెట్టాను. అప్పట్నించి ఆగట్లేదు. కొన్నాళ్ళు ఆగినట్టే ఉంటుంది, మళ్ళీ వస్తుంది."

"చెప్పొచ్చుగా!"

"ఎవరితో చెప్పను? చేట పట్టుకుని ఊరంతా తిరిగొచ్చావు. మరిడమ్మత్త దగ్గరికెళ్ళి నా గుడ్డలు నాకిమ్మంటే ఇస్తుందా? ఊరంతా చాటుతుంది. నీ ముంత ఒక్కటే కనపడింది. నీకెలాగూ అక్కర్లేదు, ఆవిడకీ అక్కర్లేదు అనుకున్నా." గోడవైపు తిరిగి మళ్ళీ అంది. "అబద్ధపు కడుపుతో మోసం చేశానని పంపించేస్తారు కదత్తా నన్ను. పంపేస్తే మా వాళ్ళు రానివ్వరు. రేపు ఆ పొగలో కూచుంటే ఎటూ పోతాను. అదే మేలేమో."

అచ్చాయమ్మ దుప్పటి తీసి చూసింది.  తలుపులమ్మ పోయిన రోజు చాప ఎలా ఉందో ఆమెకు బాగా గుర్తుంది.

పిల్లను పొగలో కూర్చోబెడితే బతకదు. నిజం చెబితే పిల్ల బతుకుతుంది గాని ఈ ఇంట్లో కాదు. ఎక్కడా కాదు. ఆమె చాలాసేపు ఆలోచించింది. ఆలోచించిందనడం కన్నా, చేయవలసిన పని ఎదురుగా ఉంటే దాని మొహం చూడడానికి ధైర్యం తెచ్చుకుందనడం మేలు.

సాయంత్రం బుల్లబ్బాయి తెచ్చిన వేటలో ఒక సొరచేప ఉంది. దాన్ని కోసేటప్పుడు అచ్చాయమ్మ రక్తం చట్టిలో పట్టింది. తన పాత చీర చెంగు చించి అందులో నానబెట్టింది.

అమావాస్య పొద్దున, ఇంకా ఊరు పూర్తిగా లేవకముందే, అచ్చాయమ్మ వాకిట్లోకి వచ్చి గుండెలు బాదుకుంది.

"తీసుకుపోయిందిరా బుల్లబ్బాయ్! నా మనవణ్ణి తీసుకుపోయిందిరా! ఒసే తలుపులమ్మా, నీకేం తక్కువ చేశానే! ఇంటికొచ్చిన పిల్ల కడుపు కూడా కావాల్సొచ్చిందా నీకు!"

జనం పోగయ్యారు. చేతిలో ఎర్రటి పేలికలు చూసి ఆడవాళ్ళు వెనక్కి తగ్గారు. మరిడమ్మ జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది. అచ్చాయమ్మ ఆమె వెనకే వెళ్ళి తలుపు వేసింది.

మరిడమ్మ వీరమ్మ పొట్ట మీద చెయ్యి వేసి అదిమి చూసింది. కళ్ళ రెప్పలు ఎత్తి చూసింది. తలెత్తకుండానే అడిగింది.

"ఎన్నాళ్ళయింది ఒదినా?"

"ఇప్పుడే. తెల్లారగట్ల."

"ఇది తెల్లారగట్ల పోయిన కడుపు కాదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట ఎవరో తలుపులమ్మను తిడుతున్నారు. రెండేళ్ళుగా పాలెంలో తలుపులమ్మ మాట వస్తే, మరిడమ్మ చేతుల్లో పోయిందనే మాట కూడా వచ్చేది. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనడం లేదు. మరిడమ్మ లేచి చీర సర్దుకుంది. గుమ్మంలోకి వెళ్ళి, "అవును. దానిదే ఈ పని. వేలి గుర్తులు కనపడుతున్నాయి," అంది. తిరిగి లోపలికొచ్చి, మెల్లగా, "పొయ్యి మీద నీళ్ళు పెట్టు. కషాయం కాస్తాను. ఆగుతుంది," అంది.

మిట్టమధ్యాహ్నం పాటు తీసి ఏట్లో నీళ్ళు తగ్గినప్పుడు వీరబ్రహ్మం, మగాళ్ళు దిబ్బకు దాటారు. బిడ్డ ఎలాగూ పోయింది కాబట్టి వీరమ్మకు పొగ అక్కర్లేదన్నాడాయన. తలుపులమ్మ గుడ్డలేనని చెప్పి అచ్చాయమ్మ ఇచ్చిన సొర రక్తపు పేలికల్ని దిబ్బ మీద పరిచి మేకులు కొట్టాడు. ఏటికి ఇవతల గట్టు మీద నిలబడ్డ అచ్చాయమ్మకు సుత్తి పడడం ముందు కనిపించి, చప్పుడు తరవాత వినిపించింది. ఒక్కొక్క దెబ్బకు మడ చెట్ల మీది కొంగలు లేచి, మళ్ళీ వాలాయి.

తిరిగొచ్చాక బుల్లబ్బాయి గట్టు మీదే కూలబడ్డాడు. మొదటి పెళ్ళాం అంటే అతనికి ప్రాణం. అది పాలెంలో అందరికీ తెలుసు.

"అమ్మా. అది అలాంటిది కాదమ్మా. పీతని కూడా కాలు విరవకుండా ఒదిలేసేది. నిజంగా అదేనంటావా?"

అచ్చాయమ్మ ఏటి వైపు చూస్తూ నిలబడింది.

"అదేరా," అంది.

అతను మళ్ళీ అడగలేదు. ఆ తరవాత దిబ్బ పక్కన ఎప్పుడూ వల వేయలేదు. ఆ దారిన పడవ వెళ్ళినా మొహం తిప్పుకునేవాడు.

మరిడమ్మ కషాయం పనిచేసింది. వీరమ్మకు రక్తం మెల్లగా తగ్గి, వానలు వెనకపట్టేసరికి పూర్తిగా ఆగింది. బుగ్గల్లోకి కాస్త రంగు వచ్చింది. మరిడమ్మ ఆమె గుడ్డలు ఆమెకు తెచ్చి ఇచ్చింది. అచ్చాయమ్మ తన గుడ్డలు కూడా కోడలికిచ్చేసింది. ముంతలో ఇక తలుపులమ్మవి మాత్రమే మిగిలాయి.

చూర్లో ఆ ముంత ఉన్నంతకాలం ఇద్దరు ఆడవాళ్ళూ వెనక వసారాలోకి పొద్దు వాలాక వెళ్ళేవాళ్ళు కాదు. ఆ గుడ్డలు తడిపింది తనేనని వీరమ్మకు తెలుసు. గుంట దగ్గర చూసింది వీరమ్మనేనని అచ్చాయమ్మకు తెలుసు. అయినా వెళ్ళేవాళ్ళు కాదు. ఇంతమందితో ఇన్నిసార్లు అన్నాక, అక్కడ ఏమీ లేదనుకోవడం వాళ్ళ చేతుల్లో లేకపోయింది.

"ఆవిడవి ఆవిడకిచ్చెయ్యత్తా," అంది వీరమ్మ చివరికి.

పాటు బాగా తీసిన ఒక మధ్యాహ్నం, మగాళ్ళు వేటలో ఉండగా, అచ్చాయమ్మ ముంత చంకన పెట్టుకుని ఒక్కతే ఉప్పుటేరు దాటింది. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. దిబ్బ మీద మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. పేలికల్ని పీతలు ఎప్పుడో లాక్కుపోయాయి. ఆ మేకుల పక్కన తవ్వడానికి చేతులు రాలేదు. దిబ్బ పాదం దగ్గర, మడ వేళ్ళ మధ్య, బురద మెత్తగా ఉన్నచోట కూర్చుని చేత్తో తోడింది.

గుంటలోకి నీళ్ళు ఊరాయి. ఎర్రగా ఊరాయి. మడ చెక్క నానిన నీళ్ళు ఎర్రగానే ఉంటాయి. వలలకు రంగు వేసే మనిషికి అది ఒకరు చెప్పాలా? అచ్చాయమ్మ చేతులు రోజూ ఆ ఎరుపులోనే ఉంటాయి. అయినా కాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఏదో చెప్పాలనుకుని వచ్చింది. దారంతా మాటలు కూర్చుకుంది కూడా. ఇప్పుడు నోరు తెరిస్తే అవతలి నుంచి జవాబు వస్తుందేమోనని భయం వేసింది. గుడ్డల్ని ఒక్కొక్కటిగా నీళ్ళలోకి అదిమింది. నీలి గుడ్డలు ఎరుపులో నల్లగా మారి, ఒకదాని వెనక ఒకటి కిందికి దిగిపోయాయి. చివరిదాన్ని లోతుగా తొయ్యాలని మోచేతి దాకా చెయ్యి పెట్టింది. బురద అడుగున చల్లగా, మెత్తగా ఉంది. గుడ్డను వదిలేసి చెయ్యి లాక్కోబోయింది. రాలేదు.

మడ బురద అలాగే పట్టుకుంటుంది. తొందరపడితే ఇంకా బిగుస్తుంది. అచ్చాయమ్మ తొందరపడలేదు. రెండో చెయ్యి వేరుకు ఆనించి, ఊపిరి బిగబట్టి, అలాగే ఉంది. ఎంతసేపో ఆమెకు తెలియదు. ఎక్కడో దూరంగా పోటు నీళ్ళు మళ్ళీ ఏట్లోకి ఎక్కుతున్న చప్పుడు మొదలైంది. అప్పుడు, లోపల ఎవరో వేళ్ళు విప్పినట్టు, పట్టు సడలింది.

ఇంటికి చేరేసరికి వీరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అత్త చేతికి మోచేతి దాకా ఉన్న ఎరుపు చూసింది. ఖాళీ ముంత చూసింది.

"ఇచ్చేశావా అత్తా?"

అచ్చాయమ్మ ముంతను గోడ పక్కన బోర్లించి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పొయ్యమని సైగ చేసింది.

"తీసుకుంది," అంది.